సనద్ లేని మాట

ఏటా రంజాన్ మొదటి పదిరోజుల్లో మా మదర్సాకు ఒక అతిథి వస్తాడు. బీహార్‌లోని పూర్ణియా ప్రాంతపు మనిషి. అక్కడి ఒక చిన్న మదర్సా తరఫున రసీదు పుస్తకం సంచిలో పెట్టుకొని, రెండు రాత్రులు రైల్లో ప్రయాణించి, జకాత్, సదఖాల కొరకు మన సీమకు వచ్చే సఫీర్. సఫీర్లు మన పాఠకులకు కొత్తవారు కారు. ఎండలో చెమటోడుస్తూ వచ్చి, మసీదు అరుగు మీద సంచి దించి, మనకు సగమే అర్థమయ్యే ఉర్దూలో తమ ఊరి పేదరికాన్ని వివరించే ఆ మనుషులను మీరందరూ చూసే ఉంటారు.

వచ్చిన ప్రతిసారీ అతడు నా రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకొనేవాడు. "ఆ రోజు మీరు రాకుంటే ఈ రోజు నేను లేను మౌలానా" అనేవాడు. అతని ఎడమ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. చేతులు పట్టుకున్నప్పుడల్లా ఆ వంకర నా వేళ్లకు తగిలేది. కరోనా కాలంలో రాలేకపోయినా, మిగిలిన అన్ని ఏళ్లూ నేను ఆ కృతజ్ఞతను తలవంచి స్వీకరించాను. దానికి నేను అర్హుడను కానని నాకు తెలుసు. అతనికి తెలియదు.

2018 ఎండాకాలం గుర్తున్నవారికి ఆనాటి భయం కూడా గుర్తుండే ఉంటుంది. 'పార్థీ ముఠా' దిగిందన్నారు. ఉత్తరాది నుండి వందల మంది వచ్చారని, పిల్లలను ఎత్తుకుపోతున్నారని, అవయవాలు కోసి అమ్ముకుంటున్నారని వాట్సాప్‌లో మాటలు, బొమ్మలు, గొంతులు. ఏ దేశంలోదో తెలియని శవాల వీడియోలకు మన ఊళ్ల పేర్లు తగిలించారు. పల్లెల్లో జనం మిద్దెల మీద పడుకోవడం మానేశారు. మే నెలలో రాయలసీమ మనిషి మిద్దెనూ వాకిటి మంచాన్నీ వదలి, గదిలో గడియ పెట్టుకొని పడుకున్నాడంటే ఆ భయం ఎంతటిదో సీమవారికి వివరించనక్కరలేదు. యువకులు కర్రలు పట్టుకొని రాత్రంతా గస్తీ తిరిగారు. భిక్షకులు, మతి స్థిమితం లేనివారు, దుప్పట్లు అమ్ముకొనేవారు, హిందీ మాట్లాడే కూలీలు, ఎవరు ఒంటరిగా కనబడితే వారు ఆ కర్రలకు దొరికారు.

ఆ ఏడాది మే 17న రంజాన్ మొదలైంది. మదర్సాకు సెలవులు. పిల్లలందరూ కె.సి. కాలువ చుట్టుపక్కల తమ తమ ఊళ్లలో ఉన్నారు. వారి తల్లిదండ్రులతో మాట్లాడడానికి మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. దాని బాధ్యత నాది. ఒకరోజు సహరీ తరువాత నంద్యాలలోని నా బావమరిది నుండి ఒక సందేశం వచ్చింది. పార్థీ ముఠాలు మన జిల్లాల్లోకి వచ్చాయి, హిందీ మాట్లాడతారు, ముష్టివారి వేషంలో, దుప్పట్లు అమ్మేవారి వేషంలో, ఫకీర్ల వేషంలో తిరుగుతారు, పిల్లలను బయటికి పంపవద్దు అని దాని సారాంశం. 'ఫకీర్ల వేషంలో' అన్న మాట దగ్గర నా బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. రంజాన్ నెల కదా, ఫకీర్లు, సఫీర్లు తిరిగే రోజులు కదా అనిపించింది. కానీ పిల్లల విషయం. ఏమైనా జరిగితే 'హజ్రత్‌కు తెలిసి కూడా చెప్పలేదు' అంటారేమో అనుకున్నాను. సందేశాన్ని గ్రూపులో పెట్టాను. అంతటితో ఆగలేదు. కింద నా మాటగా ఒక వాక్యం చేర్చాను: మన పిల్లల క్షేమం దృష్ట్యా పోషకులందరూ అప్రమత్తంగా ఉండగలరు. దాని కింద నా పేరు.

ఫజ్ర్ నమాజు చేసి ప్రశాంతంగా పడుకున్నాను.

ఐదో ఉపవాసం నాడు జుహ్ర్ తరువాత ఫోన్ వచ్చింది. మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో ముఠావాడిని పట్టుకున్నారని, గడ్డం ఉందని, ఉర్దూ మాట్లాడుతున్నాడని, వచ్చి చూడమని. ఒక ఉపాధ్యాయుని మోటారు సైకిలు మీద వెళ్లాను. ఊరి నడుమ వేపచెట్టు కింద జనం. చెట్టుకు కట్టి ఉన్నాడు. నుదుటి నుండి నెత్తురు గడ్డంలోకి కారి ఎండిపోయింది. ముందు అతని సంచి బోర్లించి ఉంది: ఒక లుంగీ, మిస్వాక్ పుల్ల, ఇఫ్తార్‌కు దాచుకున్న నాలుగు ఖర్జూరాలు, చిరిగిన రసీదు పుస్తకం, చిన్న సుర్మా సీసా. ఆ సీసాను ఒకడు ఎత్తి పట్టుకొని అందరికీ చూపిస్తున్నాడు, పిల్లలకు వాసన చూపించే మత్తుమందు అని.

ఆ గుంపులో సగంమందికి అతడు దొంగ అన్న నమ్మకం బలపడిందెలాగో తరువాత తెలిసింది. దెబ్బలకు సొమ్మసిల్లాడని ఎవరో జాలిపడి నోటికి చెంబు పెట్టారట. అతడు పెదవులు బిగించి మొహం తిప్పుకున్నాడట. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయిన మనిషి నీళ్లు వద్దంటే ఏదో మర్మం ఉందనుకొని మళ్లీ కొట్టారట. అప్పుడు మేకలు తోలుకొని అటుగా వచ్చిన ఒక ముసలావిడ అడ్డం పడింది. "ఒరే, నీళ్లు వద్దంటాండాడంటే ఒక్కపొద్దు ఉండాడేమో రా. ఇది సాయిబుల ఒక్కపొద్దుల నెల గదరా!" ఆమె ముస్లిం కాదు. ఆ మాటతో చేతులు ఆగాయి. నేను వెళ్లింది ఆ తరువాతే. కనుక అతణ్ణి కాపాడినది కూడా నేను కాదు.

ఆ గుంపులో ఇద్దరు ముస్లిం కుర్రవాళ్లు ఉన్నారు. ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే. రోజాతో ఉన్నాడు కూడా. తాడు బిగించినది అతడే. "ఏమి చేశావురా?" అన్నాను. అతడు బెదరలేదు, దాచుకోలేదు. జేబులోంచి ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. "హజ్రత్, మీరు పెట్టిందే కదా!"

నా పేరు అక్కడ ఉంది. దాని కింద అతని తల్లి పెట్టిన 'జజాకల్లాహ్ ఖైర్' కూడా ఉంది.

పోలీసులు వచ్చారు. ఆసుపత్రిలో మణికట్టుకు కట్టు వేశారు. స్పృహలోకి వచ్చిన సఫీర్‌కు మొదట కనబడిన ముఖం నాది. తన భాష మాట్లాడే ముఖం. అతడు నన్ను రక్షకుడని అనుకున్నాడు. నేను కాదనలేదు. రెండు నెలల తరువాత వారి మదర్సా నుండి అందమైన ఉర్దూ దస్తూరీలో కృతజ్ఞతాపత్రం కూడా వచ్చింది. అది ఇప్పటికీ నా అలమరలో ఉంది.

ఇరవై ఏళ్లకు పైగా నేను హదీసు బోధిస్తున్నాను. ఉమరాబాద్‌లోని జామియా దారుస్సలామ్‌లో చదువుకొనే రోజుల్లో మా ఉస్తాదు సహీహ్ ముస్లిం గ్రంథానికి ఇమామ్ ముస్లిం (రహ్మ) రాసిన పీఠికను నెలల తరబడి చెప్పేవారు. అప్పుడు మాకు విసుగు. అసలు హదీసులు ఎప్పుడు మొదలవుతాయా అని పేజీలు లెక్కబెట్టుకొనేవాళ్లం. సనద్ అంటే ఒక మాట ఎవరి నోట పుట్టి, ఎవరి ద్వారా, ఎవరికి చేరిందో చెప్పే మనుషుల వరుస. ఆ వరుస ధర్మంలో భాగమని, అది లేకపోతే ఎవరికి తోచింది వారు చెప్పేస్తారని అబ్దుల్లాహ్ ఇబ్నె ముబారక్ (రహ్మ) అన్న సంగతి ఆ పీఠికలోనే ఉంది. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవడమే ఒక మనిషి అబద్ధీకుడు అనిపించుకోవడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు కూడా అక్కడిదే. ఇవన్నీ నేను కంఠతా చెప్పగలను. పరీక్ష పెట్టి విద్యార్థులకు మార్కులు వేశాను. బొటనవేలు ఆగిన ఆ క్షణంలో వీటిలో ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు.

ఈద్ తరువాత ఆ సందేశపు సనద్‌ను వెదికాను. నా బావమరిదిని అడిగాను. వీధి చివరి మందుల దుకాణదారు పంపాడన్నాడు. ఆయనను అడిగితే తన లారీల గ్రూపులో వచ్చిందన్నాడు. లారీల గ్రూపులో పెట్టినవారి నంబరుకు ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. మూడు మెట్లు ఎక్కేసరికి నిచ్చెన అయిపోయింది. హదీసు శాస్త్రంలో అలాంటి రావీని 'మజ్హూల్' అంటారు, అంటే ఎవరో తెలియనివాడు. వాడి మాట మీద మేము వుజూ విషయంలో సైతం ఒక తీర్పు నిలబెట్టము. మనిషిని చెట్టుకు కట్టడానికి మాత్రం అది సరిపోయింది. నేను చివర చేర్చిన వాక్యానికి కూడా మా శాస్త్రంలో పేరుంది, 'ఇద్రాజ్'. రావీ తన మాటను మూలంలో కలిపేయడం. ఆ కలిపినది నమ్మదగిన మనిషైతే ప్రమాదం మరీ ఎక్కువ.

ఇదే పీఠికలో మరొక సంగతి ఉంది. కుర్రతనంలో అది నాకు మింగుడుపడలేదు. యహ్యా ఇబ్నె సయీద్ అల్ ఖత్తాన్ (రహ్మ) గొప్ప హదీసు విమర్శకులు. సజ్జనులు మరే విషయంలోనూ అబద్ధమాడనంతగా హదీసు విషయంలో అబద్ధమాడడం తాను చూశానని ఆయన అన్నారట. వారు కావాలని అబద్ధం చెప్పరని, అబద్ధమే వారి నాలుక మీదుగా సాగిపోతుందని ఇమామ్ ముస్లిం వివరణ ఇస్తారు. మంచివారు మంచి ఉద్దేశంతో, మంచి చేకూరుతుందని, పరీక్షించకుండా చెప్పేస్తారు. ద్వేషాన్ని ఎవరు పుట్టిస్తారో నాకు తెలియదు. దాన్ని ఇంటింటికీ మోసేది ఎవరో తెలుసు. బావమరిది, మందుల షాపాయన, పిల్లల క్షేమం కోరే తల్లి, మదర్సా ఉపాధ్యాయుడు. మా వరుసలో పాపిష్టివాడు ఒక్కడూ లేడు. అందుకే మా మాట చెల్లింది.

'పార్థీ' అన్నది ముఠా పేరు కాదనీ నేను తరువాతే తెలుసుకున్నాను. అది ఒక జాతి పేరు. పారధీలు మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో వేట మీద బతికిన సంచారజాతి. 1871లో ఆంగ్లేయులు నేరజాతుల చట్టం తెచ్చి, అటువంటి అనేక జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేశారు. ఆ చట్టం నీడ మన తెలుగునాటికి రాలేదనుకోవద్దు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం 1913లో ఎరుకలవారి కోసం ఏర్పడిన అలాంటి సెటిల్‌మెంటే. స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ ముద్రను చట్టం నుండి తీసేశారు. నోళ్ల నుండి ఎవరు తీస్తారు? ఆరున్నర దశాబ్దాల తరువాత ఆ పాత ముద్రే నా ఫోన్‌లోకి వచ్చింది, నేను దానికి నా పేరు జోడించాను. ఒక పారధీని నేను జన్మలో చూడలేదు.

మా పల్లెలో ప్రాణం మిగిలింది. అన్ని చోట్లా మిగలలేదు. అదే నెల 26వ తేదీ రాత్రి హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట దగ్గర, రంజాన్ రోజుల్లో యాచనకై మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చిన హిజ్రాలను పిల్లల దొంగలని తలచి గుంపు కొట్టింది. ఒకరు చనిపోయారు. రంజాన్ రాత్రి, పాతబస్తీ వీధి! ఆ గుంపు మతం ఏమిటని నేను అడగను, మీరూ అడగవద్దు, ఎందుకంటే జవాబు మనకు నచ్చదు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి గ్రామం దగ్గర హైదరాబాదు ముస్లిం యువకుడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అదే రీతిలో హతుడయ్యాడు. అతని మిత్రబృందంలో ఒకరు ఖతార్ నుండి వచ్చినవారు. దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. అదే వారి నేరం. వారి వాహనం తర్వాతి ఊరు చేరేలోపే వాట్సాప్ చేరింది.

తుంగభద్రకు అవతలి ఒడ్డున, కర్నూలుకు ఎదురుగా ఉన్న గద్వాల జిల్లాలో మాత్రం కథ వేరుగా నడిచింది. అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు వేసవి ఆరంభంలోనే సంగతి పసిగట్టారు. ఎండ మండుతున్నా జనం ఆరుబయట పడుకోవడం లేదని ఊళ్లు తిరిగే పోలీసులు గమనించారట. కారణం అడిగితే ఫోన్‌లోని వీడియోలు చూపించారట. ఆమె ఊరూరికీ పోలీసులను పంపారు, డప్పు వేయించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు, ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తమ సిబ్బందిని చేర్పించి, వచ్చిన పుకారుకు అక్కడికక్కడే జవాబు చెప్పించారు. ఆ జిల్లాలో ఆ పుకారుకు ఒక్క ప్రాణమూ బలికాలేదు. ఆమె చేసినది 'తబయ్యున్' కాక మరేమిటి? తబయ్యున్ అంటే వార్త వచ్చినప్పుడు నిజానిజాలు తేల్చుకోవడం. ఖుర్ఆన్ ఆజ్ఞ అది, హుజురాత్ సూరాలో ఆరవ ఆయతు. ఆ ఆజ్ఞను మింబరు మీద నుండి వినిపించేది మేము. ఆ వేసవిలో ఆచరించి చూపినది ఒక పోలీసు అధికారిణి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఆ ఆయతు అవతరణ సందర్భంగా ముఫస్సిర్లు పేర్కొనే ఉదంతం మీరు వినే ఉంటారు. బనూ ముస్తలిఖ్ తెగ నుండి జకాత్ తెమ్మని దైవప్రవక్త (స) వలీద్ ఇబ్నె ఉఖ్బాను పంపారు. ఆ తెగవారు ఎదురేగి స్వాగతం చెప్పడానికి గుంపుగా బయలుదేరారు. పాత పగలు గుర్తొచ్చి ఆయన భయపడ్డారు. దారిలోనే వెనుదిరిగి వచ్చి, వారు జకాత్ నిరాకరించారని, తనను చంపజూశారని చెప్పారు. మదీనాలో ఆగ్రహం పెల్లుబికింది. ఆ తెగవారే వచ్చి నిజం చెప్పుకోకపోతే ఏమయ్యేదో! పిల్లలకు ఇది చెప్పేటప్పుడు అంతా వలీద్ గురించే మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు ఆ తెగ గురించి ఆలోచిస్తున్నాను. జకాత్ సొమ్ము సిద్ధం చేసుకొని ఎదురు వచ్చినవారు. మా ఊళ్లో జకాత్ అడగడానికి వచ్చినవాడు. ఇద్దరినీ దొంగలను చేసింది భయపడిన మనిషి నోటిమాటే.

హుజురాత్ పద్దెనిమిది ఆయతుల చిన్న సూరా. దాన్ని ఈ దృష్టితో ఒకసారి వరుసగా చదివి చూడండి. ఆరవ ఆయతులో వార్తను తేల్చుకోమన్న ఆజ్ఞ. తొమ్మిదిలో విశ్వాసుల రెండు వర్గాలు కొట్లాటకు దిగితే ఏం చేయాలో చెప్పడం. పదకొండులో ఒక జనం మరొక జనాన్ని ఎగతాళి చేయరాదనీ, చెడ్డపేర్లతో పిలవరాదనీ. పన్నెండులో అనుమానాలు, కూపీలు, చాడీలు. ఆ తరువాత పదమూడవ ఆయతులో జాతులు, తెగలు ఒకరినొకరు తెలుసుకోవడానికేనన్న ప్రకటన. జాతుల గురించిన ఆ ఆయతును మనం సభల్లో విడిగా, గర్వంగా చదువుతాము. దానికి దారి ఆరవ ఆయతు గుమ్మం మీదుగా ఉందని నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసివచ్చింది.

దాదాపు రెండేళ్లకు చెట్టు మారింది, తాడు అదే.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనదీ ఆ రోజే. ప్రతి ఉగాదికీ కడపలోని ముస్లిం కుటుంబాలు అనేకం దేవుని కడప గుడికి వెళ్లడం తరాల ఆనవాయితీ, బీబీ నాంచారి కథను బట్టి. అఖీదా బోధించేవాడిగా ఆ ఆనవాయితీ మీద నాకున్న అభ్యంతరాన్ని నేను ఎన్నడూ దాచలేదు. కానీ ఆ ఏడు మూసిన గుడి తలుపుల వార్త చదివినప్పుడు ఏదో వెలితి అనిపించింది. వారం గడిచేలోపు ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. కడపలో, కర్నూలులో అక్కడికి వెళ్లివచ్చినవారు ఉన్నారు, వారిలో కొందరికి వ్యాధి సోకిన మాట నిజం. ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో అత్యధిక కేసులు కర్నూలు జిల్లాలోనివే. వ్యాధి ఒక గుంపులో వ్యాపించింది అన్నది వార్త. ఆ గుంపు కావాలని వ్యాపింపజేసింది అన్నది 'ఇద్రాజ్'. 'కరోనా జిహాద్' అనే పేరు ఎవరు పెట్టారో గానీ రెండు రోజుల్లో ప్రతి ఫోన్‌లోకీ వచ్చింది.

మా వీధిలో ఒకాయన తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముతాడు. ఇరవై ఏళ్లుగా చుట్టుపక్కల పల్లెలకు వెళతాడు. ఒక ఊరి మొదట్లో ముళ్లకంప అడ్డం వేసి, కుర్రవాళ్లు ఆపి, పేరేమిటని అడిగారట. "నా పేరు వాళ్ల అవ్వకు తెలుసు హజ్రత్. వాళ్లు పుట్టినప్పుడు కూడా తెలుసు" అన్నాడు నాతో. ఆ సాయంత్రం వంకాయలన్నీ మా మదర్సా వంటగదిలో దించి వెళ్లాడు.

నాకొక రైతు మిత్రుడు ఉన్నాడు. ఏటా మదర్సాకు ఒక బస్తా జొన్నలు పంపే మనిషి, రెడ్డి. ఆయన ఒక వీడియో పంపి, "ఏమి సామీ ఇది?" అని అడిగాడు. టోపీలు పెట్టుకున్నవారు పళ్లేలు, చెంచాలు నాకుతున్నారు. వైరస్ అంటించడానికి అని కింద రాసి ఉంది. అది 2018 నాటి పాత వీడియో. బోహ్రా వర్గంవారు తిండి వృథా కాకూడదని పళ్లెం శుభ్రం చేసే అలవాటుకు సంబంధించినది. ఇదంతా వివరించాను. ఆయన ఓపికగా విని, "మా బావ పంపినాడబ్బా. ఆయన అబద్ధాలు చెప్పే మనిషి కాదు" అన్నాడు. నాకు కోపం రావలసింది. మాట రాలేదు. నా బావమరిది కూడా అబద్ధాలు చెప్పే మనిషి కాదు.

ఆ ఏప్రిల్ 14నే కర్నూలులో డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ కరోనాతో కన్నుమూశారు. 76 ఏళ్ల వయసు. రెండు రూపాయల డాక్టరని జనం పిలుచుకొన్న మనిషి. పేదరోగి ఇచ్చింది తీసుకొని, ఇవ్వలేకపోతే అడగక, ఏ మతంవారికైనా వైద్యం చేసినవారు. ఆయన చేతుల మీదుగా బతికిన కుటుంబాల ఫోన్లలోకి సైతం ఆ వారంలో ముస్లింలు వ్యాధి పంచుతున్నారన్న వీడియోలు వచ్చే ఉంటాయి. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీది కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లు కనబడుతోందని వ్యాఖ్యానించింది. ఆ తీర్పును నాకు ఫార్వర్డ్ చేసినవారు ఇద్దరే. ఇద్దరూ ముస్లింలే.

వాట్సాప్‌వారు ఊరుకున్నారని కాదు. 2018 జూలైలో సందేశాలకు 'ఫార్వర్డెడ్' అనే ముద్ర తగిలించారు. మనదేశంలో ఒకసారికి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేశారు. 2020 ఏప్రిల్‌లో మరీ ఎక్కువగా తిరిగిన సందేశాలను ఒకసారికి ఒక్కరికే అన్నారు. మంచిదే. కానీ ఆ ముద్ర సందేశం నడిచి వచ్చిందని చెబుతుంది, ఎవరి ఇంటి నుండి బయలుదేరిందో చెప్పదు. ఆ వివరం ఎవరో ఒకరు అడగవలసిందే. ఫేస్‌బుక్ సంగతి ఇంకా పెద్దది. మనం పార్థీల కోసం చెట్ల చాటున వెదుకుతున్న ఆ 2018లోనే మయన్మార్‌లో రోహింగ్యాల మీద హింసకు తమ వేదిక వాడుకోబడిందని, దాన్ని అడ్డుకోవడానికి తాము చేయవలసినంత చేయలేదని ఆ సంస్థ నవంబరులో ఒప్పుకుంది. అప్పటికి ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో తలదాచుకున్నవారు అంతకు ముందు నుండే ఉన్నారు. వారి గురించి మన గ్రూపుల్లో ఏమేమి రాస్తున్నామో కూడా ఒకసారి వెనక్కి జరిపి చూసుకుందాం.

ఇతరులు మనను ద్వేషిస్తున్నారని చెప్పడం మనకు తేలిక. ఒకే మతంవారి నడుమ కూడా పరాయివాడు ఎలా పుడతాడో కువైట్ వెళ్లిన మన కడప, రాయచోటి కుర్రవాళ్లను అడగండి. 2020 వసంతంలో అక్కడి ఒక ప్రసిద్ధ నటి, వ్యాధి ముదిరితే ఆసుపత్రులు తమవారికే చాలవని, విదేశీయులను పంపేయాలని, ఎడారిలో పడేయాలని అన్న మాటలు ఫోన్లలో తిరిగాయి. అక్కడి డ్రైవర్లు, వంటవాళ్లు ఆ వీడియోను గదుల్లో కూర్చొని చూశారు. తాడు బిగించిన నా శిష్యుడు అప్పటికే కువైట్‌లో ఉన్నాడు, ఒక ఇంట్లో డ్రైవరు. "మా గురించే హజ్రత్" అని నాకు పంపింది అతడే.

పోయినేడు రంజాన్‌లో సఫీర్ వచ్చాడు. ఇఫ్తార్ తరువాత మదర్సా ముందరి బండ అరుగు మీద ఇద్దరమే కూర్చున్నాము. అతడు మళ్లీ నా చేతులు అందుకోబోయాడు. నేను వెనక్కి తీసుకొని అంతా చెప్పాను. సందేశం, నా పేరు, శిష్యుడు చూపిన ఫోన్, అన్నీ. అతడు ఖర్జూరపు గింజను వేళ్ల మధ్య తిప్పుతూ విన్నాడు. చాలాసేపటికి ఒక్క ప్రశ్న అడిగాడు. "తరువాత అదే గ్రూపులో అది అబద్ధమని రాశారా?"

"లేదు. నా ఫోన్‌లో చెరిపేశాను" అన్నాను.

"అయితే వాళ్ల ఫోన్లలో ఉండే ఉంటుంది" అన్నాడు. లేచి ఇషా కోసం వుజూకు వెళ్లాడు. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. నేను అడిగే ధైర్యమూ చేయలేదు.

ఆ రాత్రి తరావీహ్ తరువాత గ్రూపులో రాశాను. 2018 రంజాన్‌లో నేను పెట్టిన సందేశం అబద్ధమని, తేల్చుకోకుండా పంపానని, దాని వలన ఒక నిర్దోషి గాయపడ్డాడని, తప్పు నాదని. గ్రూపులో ఇప్పుడు చాలావరకు కొత్త తల్లిదండ్రులు. నలుగురు బొటనవేలి గుర్తు పెట్టారు. ఒక తల్లి "ఏ మెసేజ్ హజ్రత్?" అని అడిగింది. అర్ధరాత్రి దాటాక కువైట్ నుండి ఒక వాయిస్ వచ్చింది. నా శిష్యుడు. మూడు నిమిషాలలో సగం నిశ్శబ్దమే. చివర, "ఆ సఫీర్ సాబ్ నంబరు ఇస్తారా హజ్రత్?" అన్నాడు.

సహరీ దగ్గర సఫీర్‌ను అడిగాను. అతడు రొట్టె ముగించి, నీళ్లు తాగి, ఒక పాత రసీదు వెనుక నంబరు రాసి ఇచ్చాడు. పంపాను. వాళ్లిద్దరూ మాట్లాడుకొన్నారో లేదో నేను ఇద్దరినీ అడగలేదు.

ఈ రంజాన్‌లోనూ సఫీర్ వచ్చాడు. సలాం చెప్పి సంచి దించాడు. ఈసారి నా చేతులు కళ్లకద్దుకోలేదు. ముసాఫహా చేసి, పిల్లల యోగక్షేమాలు అడిగి, వారి మదర్సాలో నీళ్లతొట్టి కట్టిస్తున్నారని చెప్పి, నా పేరు రాసి రసీదు చింపి చేతిలో పెట్టాడు.